శీలావతికి మేనరికం వద్దు!

పెడన అనగానే కలంకారీ అద్దకాలు గుర్తొస్తాయి. కానీ ఊరు దాటి బంటుమిల్లి వైపో, కృత్తివెన్ను వైపో వెళ్లి చూడండి. ఒకప్పటి వరిచేలు చాలాచోట్ల ఇప్పుడు చెరువులు. రొయ్యలవి కొన్ని, చేపలవి కొన్ని. చేపల చెరువుల దగ్గరికి పొద్దున్నే వెళ్తే ఓ చిత్రం కనిపిస్తుంది. నీళ్లలో వరసగా పాతిన వెదురు కర్రలు, వాటికి వేలాడుతూ సంచులు. పనివాళ్లు పడవ మీద వెళ్లి వాటిని కట్టి వస్తుంటారు. అవే చేపల కంచాలు!

సంచికి చిన్న చిన్న చిల్లులుంటాయి. లోపల నూనె తీసిన తవుడు, కాస్త వేరుసెనగ చెక్కో పత్తి చెక్కో. చేపలు గుంపుగా వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. కొన్ని గంటలయ్యాక సంచి ఎత్తి చూస్తే చాలు, ఎంత తిన్నాయో తెలిసిపోతుంది. మిగిలితే మర్నాడు తగ్గిస్తారు. మేత అడుగున చేరి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే మబ్బు పట్టిన రోజుల్లో రైతుకి కంటిమీద కునుకుండదు.

చాలా దేశాల్లో చేపను పెంచడానికి చేపనే మేపుతారు. సాల్మన్ మేతలో సముద్రంలో పట్టిన చిన్నచేపల పొడి, నూనె కలుస్తాయి. మన శీలావతికి, బొచ్చెకు ఆ అవసరం లేదు. డెల్టా ధాన్యం మిల్లుకెళ్తే బియ్యం మనకి, తవుడు నూనె మిల్లుకి, నూనె తీశాక మిగిలింది చెరువుకి. ఇంతకన్నా పొదుపైన వంటిల్లు ఉంటుందా!

అయినా రైతు పెట్టే ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అంత తిన్న చేప అనుకున్నంత తూగకపోతే తప్పంతా మేతమీదికి నెట్టేస్తాం. పిల్ల ఎవరి కడుపున పుట్టిందో అడగం.

ఏ ఇంటి పిల్ల?

శీలావతి, బొచ్చె, ఎర్రమోసు... ఇవి వరద నీటిలోనే గుడ్లు పెడతాయి. నిలవనీటి చెరువులో పెట్టవు. పూర్వం నదుల్లో పట్టిన పిల్లలే దిక్కు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజెక్షన్ చేసి వీటితో గుడ్లు పెట్టించారు. జాతీయ చేపరైతుల దినోత్సవాన్ని జులై 10న జరుపుకునేది అందుకే. కొల్లేరు చుట్టూ 1980ల్లో అన్ని చెరువులు లేచాయంటే ఆ సూది చలవే.

చిక్కూ అక్కడే వచ్చింది. కిలో బరువున్న శీలావతి ఒక్కసారికి దాదాపు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. హేచరీకి నాలుగైదు తల్లులుంటే లక్షల్లో పిల్లలొచ్చేస్తాయి. ఆ పిల్లల్లోంచే మళ్లీ తల్లినీ తండ్రినీ ఎంచుకుంటే? మనిళ్లలో మేనరికం మీద మేనరికం చేసినట్టే. ఎదుగుదల మందగిస్తుంది, రోగాలకు తట్టుకోలేవు, అవిటి పిల్లలూ పుడతాయి.

దీనికి విరుగుడు వెతికింది భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, సీఫా. సాల్మన్ సంబంధాలు చూడటంలో చేయి తిరిగిన నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1992లో పని మొదలెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల శీలావతుల్ని తెచ్చి, తమ చెరువుల్లోని వాటితో జత కట్టించారు. గుర్తు కోసం పిల్లల ఒంట్లో బియ్యపుగింజంత ట్యాగ్ పెట్టారు. ఎవరి పిల్ల ఎవరో చిట్టా రాసి, బాగా ఎదిగిన కుటుంబాలనే మళ్లీ కలిపారు. తరానికి సగటున 17-18 శాతం చొప్పున ఎదుగుదల పెరిగింది. స్వాతంత్య్రానికి యాభై ఏళ్లు నిండిన 1997లో విడుదలైంది కాబట్టి దానికి ‘జయంతి రోహు’ అని పేరు.

జయంతి అయినా ఒకసారి తెచ్చుకుని, ఏళ్ల తరబడి ఇంటి పిల్లలతోనే నెట్టుకొస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. మగచేపల్ని ఒకచోట నుంచి, ఆడచేపల్ని మరోచోట నుంచి తేవాలి. కొన్నేళ్లకోసారి మార్చాలి. దానికి ఖర్చవుతుంది. పిల్లల రేటూ ఓ రూపాయి పెరగొచ్చు.

హేచరీకి వెళ్లిన రైతు మామూలుగా అడిగేవి రెండే. సైజెంత? రేటెంత? మూడోదీ అడగొచ్చు... తల్లిచేపల్ని మార్చి ఎన్నేళ్లయింది?