మీకు తెలుసా? కౌల్ బజార్ పళ్లెం, పక్క ఊళ్ల పేర్లు

మంచి భోజనం కావాలంటే బెంగళూరుకో హైదరాబాదుకో పోవాలని బళ్లారి వాళ్లే అంటుంటారు. ఆ ఊళ్ల పెద్ద హోటళ్లలో పళ్లెంలోకి వచ్చే సన్నబియ్యం, ఎర్రటి కారం, అంజూరు, చివరికి గ్లాసులో పోసే వైను కూడా బళ్లారికి కూతవేటులో పండుతాయని మాత్రం ఎక్కువమందికి తట్టదు. పండేది ఇక్కడ, పేరు ఇంకో ఊరిది. కౌల్ బజార్‌లో పొద్దున టిఫిను బండి దగ్గర మొదలుపెట్టి కాస్త చుట్టూ తిరిగొద్దాం.

ఉగ్గాని ఎవరిదో తేలని తగాదా

ఉగ్గాని మాదంటే మాదని కర్నూలు, అనంతపురం, బళ్లారి వాదులాడుకుంటాయి. ఈ తగాదా తీర్చడానికి పాత జిల్లా పటం చాలు. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి తాలూకాలే. ఆ ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ మూడూ ఆంధ్రలోకి వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. సరిహద్దు గీత వంటింటి మధ్యగా పోయిందన్నమాట. గీతకు అటూ ఇటూ కూడా బొరుగులు తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ పెట్టుకునే తింటున్నారు. కన్నడంవాళ్లు ఒగ్గరణె అంటారు, బజ్జీని మిర్చి అంటారు. రుచిలో తేడా చెప్పగలిగిన వాణ్ని ఇంతవరకు చూడలేదు.

బ్రిటిష్ దండు ఇక్కడ మకాం వేసిన కాలంలో, దండు వెంట వచ్చిన జనం కోసం పెరిగిన పేట కౌల్ బజార్. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే అంగడిలో వినిపిస్తాయి. ఇప్పుడు జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు కూడా. పొద్దున్నే పనికెక్కే వాళ్లకు నిమిషంలో చేతికొచ్చే, కడుపు బరువెక్కించని టిఫిను కావాలి. ఉగ్గాని అందుకే నిలిచింది.

బొరుగు ఎందుకు పొంగుతుంది?

మామూలు బియ్యాన్ని పెనం మీద ఎంత వేయించినా మాడుతుందే తప్ప బొరుగు కాదు. భట్టీవాళ్లు ముందు వడ్లను నానబెట్టి ఉడికిస్తారు. అప్పుడు గింజలోని పిండిపదార్థం జిగురుగా మారి, ఎండాక గట్టిగా గాజులా బిగుసుకుంటుంది. దాన్ని దంపి, ఉప్పునీళ్లు పట్టించి, కొద్దిపాటి చెమ్మ మాత్రమే మిగిలేలా ఆరబెడతారు. తర్వాత కాగిన ఇసుకలో పోస్తే లోపలి చెమ్మ ఆవిరై, బయటికి దారి లేక గింజను లోపలినుంచి ఉబ్బించేస్తుంది. కొన్ని సెకన్ల పని. ఆలస్యమైతే నలుపు, తొందరపడితే గట్టి పలుకు. ఇసుకే ఎందుకంటే అది గింజను అన్ని వైపులా ఒకేసారి చుట్టుముట్టి వేడి ఇస్తుంది. పెనం ఒక్క వైపే కాలుస్తుంది.

పెద్ద హోటళ్ల మెనూలో చెయ్యి తిరిగిన వంటవాడి పేరు వేస్తారు. ఇసుక వేడి కంటిచూపుతో కనిపెట్టే భట్టీ మనిషి పేరు ఎవరూ వేయరు.

ఎర్రదనం బళ్లారిది, పేరు బ్యాడగిది

బ్యాడగి మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరు హావేరి జిల్లాలో ఉంది. కానీ ఆ మార్కెట్ యార్డులో గుట్టలుగా పడే కాయల్లో చాలా భాగం బళ్లారి, రాయచూరు, కర్నూలు వైపు నల్లరేగడి చేలనుంచి లారీల్లో వెళ్లినదే. ముడతలు పడ్డ పొడుగుకాయ, ముదురు ఎరుపు, కారం తక్కువ. గుంటూరు కాయ నోరు మండిస్తే ఇది కూరకు రంగు పూస్తుంది. ఈ రంగే దాని అసలు విలువ. కాయనుంచి తీసిన ఒలియోరెజిన్ అనే సారం మసాలాల్లోకే కాదు, పెదవులకు రాసుకునే లిప్‌స్టిక్‌లోకి, గోళ్ల రంగులోకి కూడా పోతుంది.

మెనూలో 'బ్యాడగి మిరపతో' అని రాసి ఉంటే తినేవాడికి గొప్పగా అనిపిస్తుంది. పండించినవాడి సంగతి వేరు. 2024 మార్చి 11న ధర ఒక్కసారిగా పడిపోయిందని, సరుకు తోలుకెళ్లిన రైతులు కోపం ఆపుకోలేక బ్యాడగి మార్కెట్ కమిటీ ఆవరణలో వాహనాలకు నిప్పు పెట్టారు. చేసింది ఒప్పని అనను. కానీ మిరప కోసి, ఆరబెట్టి, బస్తాలకెత్తి, అంత దూరం తీసుకెళ్లాక ఆ రోజు రేటు వినడం ఎలా ఉంటుందో సీమలో మిరప వేసిన ఇంటివాళ్లను అడగండి. బళ్లారిలోనే మిరప మార్కెట్ పెట్టాలన్న కోరిక ఊరికే పుట్టలేదు.

రాయలవారు మిరపకాయ బజ్జీ ఎన్నడూ తినలేదు

అవును. 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయల వంటశాలకు మిరప తెలియదు, వేరుశనగ తెలియదు, టమాట అసలే తెలియదు. ఇవన్నీ అమెరికా ఖండాలనుంచి సముద్రం దాటి తర్వాతెప్పుడో ఇక్కడి పొలాలకు ఎక్కినవే. రాయల కాలంలో కారం అంటే మిరియాలే. మన ఊరుబిండి, శెనక్కాయ పొడి, బజ్జీ అన్నీ తీసి పక్కన పెడితే అప్పటి విస్తరిలో ఏముండేది?

సమాధానం ఆయనే రాసిపెట్టారు. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టిన భోజనం ఋతువుకొక తీరుగా ఉంటుంది. వానాకాలంలో పచ్చికూరలు దొరకవు గనుక వరుగులు, పప్పు, పెరుగు. చలికాలంలో మిరియాల ఘాటు, ఆవపెట్టిన ఊరగాయలు, వేడి నెయ్యి, పాయసం. ఎండల్లో పలుచని అంబలి, చెరకు పాలు, లేత కొబ్బరినీళ్లు, ఊరిన మామిడి, మజ్జిగ. ఈ రోజుల్లో ఖరీదైన హోటళ్లు 'ఈ సీజన్ మెనూ' అని అట్టమీద అచ్చేసి, అదేదో పారిస్ నుంచి దిగిన ఆలోచనలా చూపిస్తాయి. హంపి పక్కన కూర్చుని ఆ మాట వింటే కొంచెం నవ్వొస్తుంది.

ఒక గేటు, ఒక ఏడాది అన్నం

సిరుగుప్ప, కంప్లి, గంగావతి వైపు వరి మొత్తం తుంగభద్ర నీళ్ల మీదే బతుకుతుంది. అక్కడ సోనామసూరి పేరుతో బస్తాలకెక్కే బియ్యంలో ఎక్కువ సాగైన రకం బీపీటీ 5204. అది బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి. అంటే తీరాంధ్ర విత్తనం, కన్నడ దేశపు నీళ్లు, పేరు మూడోది!

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండుకుండలాంటి జలాశయం కళ్లముందే ఖాళీ అవుతుంటే కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ మూడూ ఊపిరి బిగబట్టాయి. జలాశయం మొత్తం ఖాళీ చేశాక బాగుచేయడం సులువే, కానీ ఆ ఏడు పంటకు నీళ్లుండవు. నీళ్లు పారుతుండగానే ఆ ఖాళీలో ఇనుప అడ్డుపలకలు దించాలి. ఆ పనికి పిలిచింది తెలుగువాడైన గేట్ల నిపుణుడు ఎన్. కన్నయ్యనాయుడిని. వారం తిరిగేసరికి ప్రవాహానికి అడ్డుకట్ట పడింది. హోటల్లో వేడివేడి అన్నం ఎదురుగా పెట్టుకుని ఇది వండినవాడెవరని అడుగుతాం గానీ, ఈ గింజకు నీళ్లు నిలిపినవాడెవరని అడగం.

కమలాపురం అరటి, ఏ కమలాపురం?

హంపి పక్కనున్న కమలాపురంలో అరటితోటలు కళ్లకు పండగ. ఆ తోటలకు నీళ్లిచ్చే తుర్తు కాలువ విజయనగర రాజుల కాలం నాటిది, నేటికీ పారుతోంది. అయితే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న 'కమలాపుర ఎర్ర అరటి' ఇక్కడిది కాదు, కలబురగి జిల్లాలో అదే పేరున్న ఊరిది. చాలామంది పొరబడతారు.

అరటినుంచి చెరకుకు వద్దాం. ఈ వైపు చెరకు పండే చోట్ల బెల్లం వండేవాళ్లు పెద్ద పెనంలో రసం మరుగుతుండగా బెండ మొక్కల జిగురు వేస్తారు. మడ్డి ఆ జిగురుకు అంటుకుని నురగతో పైకి తేలుతుంది, తీసి పారేస్తారు. బెల్లం తేటగా రావడానికి ఏ రసాయనమూ అక్కర్లేని ఉపాయం.

మేడిపండుకు బళ్లారి చుట్టం

కేంద్ర ప్రభుత్వం 2020లో చిన్న ఆహార పరిశ్రమల పథకం తెచ్చి, జిల్లాకొక పంట ఎంచినప్పుడు బళ్లారికి దక్కింది మిరప కాదు, వరి కాదు, అంజూరు. బళ్లారివాళ్లలోనే కొందరు ఇది విని కనుబొమలెగరేస్తారు. కానీ పొడి గాలి, ఎండ, నీళ్లు నిలవని నేల అంజూరుకు కావలసినవే, అవి ఇక్కడ కావలసినంత ఉన్నాయి.

వేమన పుణ్యమా అని మేడిపండు అనగానే మనకు లోపలి పురుగులు గుర్తొస్తాయి. మేడి, అంజూరు రెండూ ఒకే కుటుంబం. వీటిలో పువ్వులు కనపడవు, ఎందుకంటే మనం పండు అనుకునేదే లోపలికి ముడుచుకున్న పూగుత్తి. మేడిలోకి ఒక చిన్న కందిరీగ దూరి పరాగసంపర్కం చేస్తుంది. పురుగుల కథ అక్కడిది. మన తోటల్లో సాగుచేసే అంజూరు రకానికి ఆ కందిరీగ అవసరం లేదు, పరాగసంపర్కం లేకుండానే కాయ పండుతుంది. కాబట్టి నిశ్చింతగా పొట్ట విప్పి తినవచ్చు.

చిక్కల్లా పచ్చిపండు రెండు మూడు రోజులకంటె నిలవకపోవడమే. చెట్టునే బాగా మాగిన అంజూరు రుచి ఎండబెట్టిన దండల్లో సగం కూడా రాదు. దాన్ని తినాలంటే తోట దగ్గరికే పోవాలి. ఈ ఒక్క విషయంలో బళ్లారి మనిషి ముంబయి షావుకారుకంటె అదృష్టవంతుడు.

హంపి కొండల వైను, తెలుగు దంపతుల చేతిది

కొప్పళ జిల్లా కుష్టగి దగ్గర, హంపి కొండల పేరు పెట్టుకున్న ద్రాక్షతోటల నడుమ క్రస్మా ఎస్టేట్స్ ఉంది. దాన్ని పెట్టినవారు హైదరాబాదు మందుల కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియా యజమాని చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ. ఇద్దరూ ఏడు ఖండాల్లోనూ మారథాన్ పరిగెత్తినవాళ్లు. వైను కూడా అలాంటి ఓపిక పనే. కాబర్నె సావిన్యోఁ, సాంజొవేజె లాంటి యూరప్ ద్రాక్షలు అక్కడ చలికి ఆకు రాల్చి నిద్రపోతాయి. మన దక్కనులో ఆ నిద్ర ఉండదు, తీగ ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు వేస్తారు: ఎండాకాలంలో ఒకటి కొత్త కొమ్మల కోసం, వానలు తగ్గాక ఇంకొకటి కాపు కోసం. కోత చలి చివర. కర్ణాటక ప్రభుత్వం 2007లో ద్రాక్ష, వైను విధానం ప్రత్యేకంగా తెచ్చాక ఇలాంటి తోటలకు దారి కుదిరింది.

ఇక్కడ ద్రాక్ష కొత్తదా? 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ సంతలో ద్రాక్ష ధర కూడా రాసుకున్నాడు: పణానికి మూడు గుత్తులు. దానిమ్మలైతే పణానికి పది. ఆయనకు గోపురం ఎత్తుతో పాటు పండు ధర కూడా కావాలి, మనకూ అదే మేలైంది.

హోటళ్ల పేర్ల మాటకొస్తే, హంపి పక్క కమలాపురంలో విజయనగర వాస్తు తీరులో కట్టిన ఎవాల్వ్ బ్యాక్ హోటల్లో ఒక భోజనశాల పేరు రాయల వంశమైన తుళువ, రెండోదాని పేరు బహమని. విజయనగరానికీ బహమనీలకూ మధ్య ఎన్ని యుద్ధాలు జరిగాయో చదివినవాళ్లకు ఈ పొరుగు చూస్తే సరదాగా ఉంటుంది.

నన్నారిలో వెనిలా వాసన

ఎండాకాలం సీమలో తిరిగేవాళ్లకు నన్నారి షర్బత్ తెలుసు. సుగంధిపాల వేరునుంచి తీస్తారు. ఆ వేరుకు అంత పరిమళం ఇచ్చే పదార్థం వెనిలా సువాసనకు మూలమైన వెనిలిన్‌కు సోదర అణువు: అవే పరమాణువులు, అన్నే పరమాణువులు, అమరిక మాత్రం వేరు. నిమ్మకాయ, సోడా కలిపితే చాలు. మెనూలో దీనికి ఫ్రెంచి పేరు పెట్టి మూడు వందలు తీసుకునేవాళ్లు ఎప్పుడొస్తారోనని చూస్తున్నాను.

కొర్ర తిరగబడింది

1904లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ బళ్లారి జిల్లా గెజెటీరు రాసేనాటికి ఇక్కడి పొలాల్లో జొన్న, కొర్ర, పత్తి రాజ్యమేలుతున్నాయి. పేదల కడుపు నింపింది జొన్నరొట్టె, కొర్రన్నం. పండక్కి మాత్రమే వరి అన్నం. తుంగభద్ర కాలువలు వచ్చాక వరి ఇంటింటి అన్నమైంది, కొర్ర మెట్టపొలాల అంచులకు జరిగింది. భారత్ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్ర హోటల్ మెనూలకెక్కింది. జొన్నదీ అదే దారి: పల్చగా చేసి ఎండబెట్టిన కడక్ జొన్నరొట్టెలు వారాలపాటు చెడవు, ఆడవాళ్ల సంఘాలు వాటిని ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాయి. ఇప్పుడు కిరాణా కొట్లో కొర్రబియ్యం కిలో ధర సోనామసూరి కంటె ఎక్కువ. తాతలు తిన్నది కొనాలంటే మనవడు జేబు తడుముకోవాలి.