జపాన్ ఆట అమెరికా చేరడానికి రెండున్నరేళ్లు!
సరుకు సిద్ధమే, మాటలతోనే పేచీ

పికాచు పేరు ఎరుగని పిల్లలు ఇప్పుడు పల్లెల్లోనూ తక్కువే. పసుపుపచ్చని ఆ బొమ్మ పుస్తకాల సంచుల మీద, చొక్కాల మీద కనబడుతూనే ఉంటుంది. అది పుట్టింది సినిమాలో కాదు, వీడియో గేములో. పోకెమాన్ అనే ఆ ఆట జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న అమ్మకానికి వచ్చింది. అమెరికా పిల్లల చేతికి అందింది మాత్రం 1998 సెప్టెంబరు 28న. ఐరోపాకు చేరేసరికి 1999 అక్టోబరు అయింది.

ఓడలో సరుకు పంపడానికి రెండున్నరేళ్లు పట్టదు కదా! మరి జాప్యం ఎక్కడ జరిగింది? పెద్ద కారణాల్లో ఒకటి అనువాదం.

అయిదు అక్షరాల తిప్పలు

జపానువారి కానా లిపిలో ఇంచుమించు మన గుణింతంలాగే ఒక్కో అక్షరానికి ఒక్కో పలుకు. ఆ ఆటలో 151 జీవులు ఉన్నాయి. మొదటిదాని పేరు ఫు-షి-గి-ద-నె. సరిగ్గా అయిదు అక్షరాలు. జపాను ఆటలో ఏ జీవి పేరుకైనా ఇచ్చిన చోటు అంతే. ఇంగ్లీషులో దానికి బుల్బసార్ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు లిపిలో రాస్తే తొమ్మిది అక్షరాలు!

అయిదుగురు పట్టే బల్ల మీద తొమ్మిదిమందిని కూర్చోబెట్టాలంటే ఎలా? బల్లే మార్చాలి. పేరుకు పది అక్షరాల చోటు ఇచ్చారు. ఆ చోటు పెరిగితే తెర మీద పక్కనున్నవన్నీ జరపాలి. లోపలి ప్రోగ్రామును విప్పి మళ్లీ అల్లాలి. చివరకు జపాన్‌లో 512 కిలోబైట్ల క్యాట్రిడ్జిలో ఇమిడిన ఆటకు అమెరికాలో రెట్టింపు క్యాట్రిడ్జి కావలసి వచ్చింది.

ఆటను తయారుచేసిన గేమ్ ఫ్రీక్ చిన్న సంస్థ. అక్కడివారు అప్పటికే తర్వాతి ఆట పనిలో మునిగి ఉన్నారు. అప్పుడు హాల్ లాబొరేటరీ అనే మరో సంస్థ అధ్యక్షుడిగా ఉన్న సటోరు ఇవాతా ఆ ప్రోగ్రామును తానే కూర్చుని చదివి, పరాయి భాషలోకి ఎలా మార్చవచ్చో దారి చూపారు. ఆయనే 2002లో నింటెండో అధ్యక్షుడయ్యారు. 2015లో కన్నుమూశారు.

పేరు పెట్టడమూ పనే

ఫుషిగిదనె అంటే జపానులో 'వింతగా ఉంది కదూ' అని అర్థం. 'తనె' అంటే విత్తనం. మన సంధుల్లో 'త' కాస్తా 'ద' అయినట్టే అక్కడా అయింది. వీపు మీద విత్తనం మోసే జీవికి ఆ పేరు అందుకే. ఇంత చమత్కారాన్ని మరో భాషలోకి తేవడం ఎలా? ఇంగ్లీషువారు మొక్క మొలిచే గడ్డను సూచించే 'బల్బ్' మాటతో పేరు అల్లారు. ఫ్రెంచివారు బుల్బిజార్ అన్నారు. జర్మన్లు బీసాజామ్ అన్నారు. జీవుల్లో చాలావాటికి ఇలాగే కొత్తగా నామకరణం జరిగింది. పికాచు పేరు మాత్రం మారలేదు. కొత్త పేరు మరో కంపెనీకి చెందినది కాదని కూడా తేల్చుకోవాలి.

ఆ తర్వాత పరీక్ష. ఆటలో ప్రతి దారీ నడిచి, ప్రతి మనిషితో మాట్లాడించి చూడాలి. ఆ రోజుల్లో క్యాట్రిడ్జి ఒకసారి కొనేవాడి చేతికి పోతే, తప్పు దొరికినా దిద్దే వీలు లేదు.

ఆలస్యానికి అనువాదం ఒక్కటే కారణమనలేం. అమెరికాలో పోకెమాన్ టీవీ కార్టూను, ఆట ఒకే నెలలో వచ్చాయి. అమ్మకం లెక్కలూ ఉంటాయి. కానీ మాటలు సిద్ధం కానిదే ఏ లెక్కా ముందుకు సాగదు.

తొమ్మిదేళ్లు ఎదురుచూసినవారు

ఇంతకంటే పెద్ద ఆలస్యాలూ ఉన్నాయి. సంభాషణలు కుప్పలుగా ఉండే 'ట్రెయిల్స్ ఇన్ ది స్కై' రెండో భాగం జపాన్‌లో 2006లో వచ్చింది. ఇంగ్లీషులో వచ్చింది 2015లో. మొదటి భాగం ముగించినవారు కథ ఏమయిందో తెలియక ఏళ్ల తరబడి కాచుకున్నారు. 2006లోనే జపాన్‌లో వచ్చిన 'మదర్ 3'ను కంపెనీ ఇంగ్లీషులో విడుదల చేయనే లేదు. చివరకు అభిమానులే పూనుకుని, జీతం బత్తెం లేకుండా అనువదించి 2008లో బయటపెట్టారు.

ఇప్పుడు పద్ధతి మారింది. 2013 అక్టోబరు 12న పోకెమాన్ ఎక్స్, వై ఆటలు ప్రపంచమంతటా ఒకే రోజున వచ్చాయి. అలా రావాలంటే ఆట తయారవుతుండగానే అనువాదకులు పనిలోకి దిగాలి. రచయిత చివర్లో ఒక్క వాక్యం మార్చినా అన్ని భాషల్లోనూ మార్చాలి. ముందు సిద్ధమైన భాషవారు వెనుకబడినవారి కోసం ఆగాలి.

మరి మన సంగతి?

ఆ రెండు ఆటలు ఏడు భాషల్లో వచ్చాయి. అందులో తెలుగు లేదు. ఫోనులో ఆడే పోకెమాన్ గోకు 2023లో హిందీ వచ్చింది. మన వత్తులకు, గుణింతాలకు తెర మీద అక్షరం పైనా కిందా చోటు కావాలి. జీవులకు పేర్లు వెతకాలి. ఇది కుదరని పని కాదు, ఎవరో ఒకరు కూర్చుని చేయవలసిన పని. ఫు-షి-గి-ద-నె మన లిపిలోనూ అయిదు అక్షరాలే కదా! ఆ పని జరిగేదాకా మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఆడుకోవలసిందే.