క్యానింగ్ లోకల్ తిరిగి వచ్చిన వేళ

కోల్‌కతా మహానగరపు గృహజీవనానికి ఇరుసు శియాల్దా దక్షిణ శాఖలో నడిచే లోకల్ రైలు అంటే మన పాఠకులకు వింతగా తోచవచ్చు. తెల్లవారకముందే క్యానింగ్, లక్ష్మీకాంతపూర్, డైమండ్ హార్బర్ వైపుల నుండి బయలుదేరే బండ్లలో వేలాది స్త్రీలు వచ్చి ఢాకురియా, బాలీగంజ్, జాదవ్‌పూర్ స్టేషన్లలో దిగి, ఇళ్లకు నడచిపోతారు. అంట్లు తోమి, గదులు తుడిచి, కొన్ని ఇళ్లలో వంట కూడా చేసి, వృద్ధులను కనిపెట్టుకొని, పని ముగిశాక మళ్లీ బండి ఎక్కుతారు. బెంగాలీలు వీరిని 'మాసీ' అంటారు. అనగా మన పిన్ని. ఈ చుట్టరికం పిలుపు దాటి ఎంతదూరం వస్తుందో 2020వ సంవత్సరంలో తేలిపోయింది.

ఆ ఏడాది మార్చి 22 అర్ధరాత్రితో లోకల్ రైళ్లు నిలిచిపోయాయి. మార్చి 25న, సరిగ్గా మన శార్వరి నామ సంవత్సర ఉగాదినాడు, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. శార్వరి అంటే రాత్రి అని పెద్దలు గుర్తుచేశారు. తొలి వారాలలో ఇంటిపని ఒక వినోదంగానే గడిచింది. ఏనాడూ వంటింటి గడప దాటని మగవారు గిన్నెలు తోమారు. పిల్లలు చీపుర్లు పట్టారు. పాలు వృథా కాకూడదని మిఠాయి దుకాణాలకు మధ్యాహ్నం 12 నుండి 4 గంటల వరకు అనుమతి లభించడంతో ఊరు కొంత ఊరట చెందింది.

మే 20న అంఫన్ తుపాను వచ్చింది. నగరంలో వేలాది చెట్లు కూలాయి. మరి కొన్ని పేటలకు దినాల తరబడి విద్యుత్తు, నీరు లేవు. దారులు తెరిచేందుకు సైన్యాన్ని పిలువవలసి వచ్చింది. సుందరవనాలలో నదుల కట్టలు తెగి, ఉప్పునీరు పొలాలలో నిలిచింది. మా మాసీ ఇల్లు ఆ వైపుననే. వారం రోజులు ఆమె ఫోను మోగలేదు. మే 28న వచ్చిన జామాయి షష్ఠికి, అనగా బెంగాలీ అత్తవారు అల్లుళ్లకు విందు చేసే పండుగకు, ఎందరో అల్లుళ్లు అత్తవారి గుమ్మం తొక్కలేకపోయారు.

జూన్ 1 నుండి ప్రత్యేక రైళ్లు ప్రారంభమై, హౌరా నుండి సికింద్రాబాదుకు ఫలక్‌నుమా నడిచింది. జూన్ 8 తరువాత కార్యాలయాలు, దుకాణాలు, భోజనశాలలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఊరు ఊపిరి పీల్చుకున్నదని అందరూ అన్నారు. అయితే మా ఇళ్లలో జరిగినది వేరు. గిన్నెలు తోమే చేతులు తిరిగి ఆఫీసుకు వెళ్లిపోయాయి. బడులు మాత్రం తెరువలేదు. రాష్ట్రంలో 9 నుండి 12 తరగతులకే 2021 ఫిబ్రవరి 12న తలుపులు తెరిచారు. లోకల్ రైళ్లూ లేవు. పిల్లల ఫోను పాఠాలు, అత్తగారి మందులు, మూడు పూటల వంట, బట్టలు అన్నీ ఒక్క గృహిణి నెత్తిన పడ్డాయి. సడలింపు అనే మాట వినిపించినప్పుడల్లా మా ఇంట్లో ఒక చిరాకు నవ్వు పుట్టేది. ఆ నవ్వు మాది కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక జీతం మాట. లాక్‌డౌన్‌లో వేతనాలు కోత లేక చెల్లించాలని 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఆదేశం పరిశ్రమలను, దుకాణాలను, వాణిజ్య సంస్థలను పేర్కొన్నది. ఇంటి గుమ్మం అందులో లేదు. మే 18 నుండి ఆ ఆదేశం కూడా తొలగింది. మాకు ప్రతి నెలా జీతం వచ్చింది. ఏప్రిల్, మే నెలలకు మాసీకి పూర్తిగా పంపాము. జూన్‌లో సగం పంపాము. జూలైలో, రైళ్లు ఎప్పుడు వస్తాయో ఏమో అనుకొని, మానివేశాము. రాని మనిషికి ఎన్నాళ్లని ఇస్తామని ఆనాడు మాకు న్యాయంగానే తోచింది. రాకపోవడం ఆమె తప్పు కాదన్న సంగతి కూడా మాకు తెలుసు. తెలిసే మానివేశాము.

రైల్వే సిబ్బంది కోసం నడిచే ప్రత్యేక బండ్లు ఆమె ఊరి స్టేషను మీదుగానే వెళ్లేవి. అందులో ఎక్కే అర్హత ఆమెకు లేదు. సెప్టెంబర్ 14న మెట్రో రైలు పునఃప్రారంభమైంది. అది నగరవాసుల బండి. నవంబర్ 11న గాని లోకల్ రైళ్లు కదలలేదు.

నాలుగు రోజుల తరువాత ఉదయం ఆరున్నరకు తలుపు తట్టిన చప్పుడైంది. మాసీ చిక్కిపోయింది. "బౌదీ, బాగున్నారా?" అని మా ఇల్లాలిని పలుకరించి, నేరుగా వంటింట్లోకి వెళ్లింది. పొలంలో ఉప్పు దిగలేదని, ఆవును అమ్మివేశామని, మరెవరి సంగతో అన్నట్లు చెప్పింది. జీతం ఊసు ఎత్తలేదు. మేము తోమిన కడాయిని వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా మళ్లీ తోమడం మొదలుపెట్టింది. ఆగిన నెలల సొమ్ము మా ఇల్లాలు లెక్కకట్టి ఆమె చేతిలో పెట్టినప్పుడు, మాసీ రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడివేసుకున్నది.

2021 మే 6న లోకల్ రైళ్లు మళ్లీ ఆగాయి. అక్టోబర్ 31 దాకా నడువలేదు. ఈసారి వంటింటి క్యాలెండరు మీద మాసీ బ్యాంకు ఖాతా సంఖ్య పెన్సిలుతో వ్రాసి ఉన్నది. ఒకటవ తేదీన గ్యాసుకు, పాలకు చెల్లించేటప్పుడే ఆమెకూ పంపాము.