వెన్ను పక్కకు వంగితే?

పిల్లలూ! మీ మిత్రుణ్ణి చొక్కా విప్పి, పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, రెండు అరచేతులూ జోడించి ముందుకు వంగమనండి. మీరు వెనక నిలబడి వీపును చూడండి. (ఆడపిల్లలకు ఇంట్లో అమ్మో, అక్కో చూడాలి.) వీపు రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉందా? లేక ఒక పక్క పక్కటెముకలు చిన్న గుట్టలా పైకి లేచాయా? లేస్తే ఆ సంగతి పెద్దలకు చెప్పాలి. ఈ పరీక్షను 1865లో లండన్ శస్త్రవైద్యుడు విలియం ఆడమ్స్ వివరించాడు. అప్పటికి ఎక్స్‌రే యంత్రం పుట్టనే లేదు! తాపీమేస్త్రీ రసమట్టం మీరు చూసే ఉంటారు. వైద్యులు దాదాపు అలాంటి చిన్న పరికరాన్నే వీపు మీద పెట్టి ఆ గుట్ట వాలు ఎన్ని డిగ్రీలో కొలుస్తారు.

వెనక నుంచి చూస్తే వెన్నెముక నిలువు గీతలా ఉండాలి. కొందరిలో అది పక్కకు వంగుతుంది. ఎక్స్‌రేలో ఈ వంపు 10 డిగ్రీలు, అంతకు మించి ఉంటే స్కోలియోసిస్ అంటారు. తెలుగులో పార్శ్వ గూని అనవచ్చు. పది నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు వారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. చాలామందిలో వంపు చిన్నదే. పెద్ద వంపులు మాత్రం ఆడపిల్లల్లోనే ఎక్కువ.

ఎందుకు వస్తుంది? ఎక్కువమందిలో కారణం ఇంకా తెలియదు. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది. ఒకే భుజాన పుస్తకాల సంచీ వేసుకున్నందుకో, నడుము మీద నీళ్ళబిందె మోసినందుకో రాదు. "సరిగా కూర్చోవు, అందుకే ఇలా అయింది" అని ఆ పిల్లను తిట్టడం శుద్ధ అన్యాయం. తిట్లు తిన్న పిల్ల ఓణీ చాటున వీపు దాచుకుంటుంది. అక్కడే అసలు నష్టం మొదలవుతుంది. ఎలాగంటారా?

వెన్ను వంగినప్పుడు లోపలి వైపు పూసల అంచులపై ఒత్తిడి పెరుగుతుంది. ఎదిగే వయసులో ఒత్తిడి పడిన వైపు ఎముక నెమ్మదిగా, రెండో వైపు త్వరగా పెరుగుతుంది. అంటే పూస ఒరిగిన ఇటుకలా తయారై వంపును ఇంకా పెంచుతుంది. ఎత్తు చకచకా పెరిగే రెండు మూడేళ్ళే కీలకం. ఎనిమిదో తరగతిలో కనిపించిన వంపును ఇంటర్ అయ్యాక చూపిద్దాం లెమ్మంటే ఆ కాలం కాస్తా గడిచిపోతుంది.

ఇప్పుడు వ్యాయామం సంగతి. మా జైనూర్ మండలంలోని మార్లవాయి పేరు విన్నారా? 2021లో పద్మశ్రీ పొందిన గుస్సాడీ నృత్యకారుడు కనకరాజుగారిది ఆ ఊరే. తలపై నెమలి ఈకల టోపీతో ఆడే గుస్సాడీని గమనించండి. టోపీ ఒరగకుండా వెన్నుకు రెండు పక్కలా ఉన్న కండరాలు డేరా తాళ్ళలా క్షణక్షణం సర్దుకుంటాయి. పార్శ్వ గూనిలో ఈ తాళ్ళలో ఒకవైపువి బిగుసుకుని, రెండో వైపువి సాగి ఉంటాయి. పైగా వెన్ను వంగడమే కాదు, మెలి తిరుగుతుంది కూడా. అందుకే ఒక పక్క పక్కటెముకలు పొడుచుకొస్తాయి, రెండో పక్క లోపలికి పోతాయి. కాబట్టి అందరూ కలిసి చేసే డ్రిల్లు ఒంటికి మంచిదేగాని ఈ వంపుకు అది చాలదు. ఎవరి వంపుకు తగ్గ వ్యాయామం వారికి కావాలి.

ఈ దారి చూపినవారిలో కథరీనా ష్రోత్ అనే జర్మనీ వనిత ఒకరు. 1894లో పుట్టిన ఆమెకే పార్శ్వ గూని ఉండేది. పదహారేళ్ళప్పుడు ఉక్కు చట్రం తొడిగారు. సొట్టపడిన బంతిలోకి గాలి నిండితే సొట్ట పోతుంది కదా, నా వీపు సొట్టలోకి ఊపిరి పంపితే? అన్నది ఆమె ఆలోచన. అద్దాల ముందు నిలబడి, వెన్ను పైకి సాగదీసి, లోపలికి పోయిన పక్కకే గాలి పీల్చడం సాధన చేసింది. 1921లో మైసెన్ పట్టణంలో ఇతరులకు నేర్పసాగింది. మీరూ ఎడమ పక్కటెముకలపై అరచెయ్యి ఆనించి, ఆ చేతిని నెట్టేలా ఊపిరి తీసి చూడండి. మొదటిసారి రాదు, నవ్వొస్తుంది!

ఇది పనిచేస్తుందా? 2014లో ఇటలీ పరిశోధకులు చిన్న వంపులున్న 110 మంది పిల్లల ఫలితాలు ప్రకటించారు. భంగిమను తమంతట తాము సరిచేసుకునే వ్యాయామాలు చేసినవారిలో వంపు సగటున 5 డిగ్రీలకు పైగా తగ్గింది. సాధారణ వ్యాయామం చేసినవారిలో అలా తగ్గలేదు. అయితే ఇలాంటి పరిశోధనలు ఇంకా కొన్నే. వ్యాయామంతో వెన్ను కర్రలా నిటారవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎదిగే వయసులో వంపు 25 డిగ్రీలు దాటితే సాధారణంగా బెల్టు, అంటే బ్రేస్, వాడమంటారు. అమెరికా, కెనడాలలో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, బ్రేస్ వేసుకున్నవారిలో నూటికి 72 మందికి వంపు శస్త్రచికిత్స దాకా పోలేదు. వేసుకోనివారిలో 48 మందికే అలా ఆగింది. రోజుకు 13 గంటలకు పైగా వేసుకున్నవారికి ఇంకా మంచి ఫలితం వచ్చింది. వ్యాయామం బ్రేస్‌కు తోడే గాని బదులు కాదు. 45, 50 డిగ్రీలు దాటితే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు.

వంపు ఉన్నవారు ఆటలు మానాలా? అక్కర్లేదు. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్‌కు పార్శ్వ గూని ఉంది. వీపు, పొట్ట కండరాలను బలంగా ఉంచుకునే వ్యాయామాలను అతడు తన శిక్షణలో భాగం చేసుకున్నాడు.

అనుమానం ఉన్నవారు ఎముకల డాక్టరుకు చూపించి, ఎక్స్‌రేలో వంపు ఎన్ని డిగ్రీలో అడిగి తేదీతో సహా రాసుకోవాలి. వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ ఇంట్లో చేయాలి. ఇంటి గోడపై నెలనెలా ఎత్తు గీత గీయండి. గీతల మధ్య దూరం పెరుగుతోందంటే తర్వాతి పరీక్షకు ఆలస్యం చేయకూడదు.