బీమా దరఖాస్తులో అబద్ధం చెబితే చట్టం ఏమంటుంది?

జీవిత బీమా దరఖాస్తును ఏజెంటు చేతికి వదిలి, చూపిన చోటల్లా సంతకం చేసేవారు ఎందరో. మనిషి పోయాక కూడా ఆ కాగితం న్యాయస్థానంలో సాక్ష్యం చెబుతుంది.

భావల్ సన్యాసి కేసు ఇందుకు పాత ఉదాహరణ. భావల్ జమీందారీ వారసుల్లో రెండవవారైన రమేంద్ర నారాయణ రాయ్ 1909లో డార్జిలింగ్‌లో మరణించారన్న ధ్రువపత్రంతో ఆయన పేరిట ఉన్న 30,000 రూపాయల బీమా సొమ్ము వసూలైంది. భార్య విభావతీ దేవి కోల్‌కతాలో భవానీపూర్ ప్రాంతపు లాన్స్‌డౌన్ రోడ్డులో సోదరుని ఇంట స్థిరపడ్డారు. ఆ రమేంద్రను తానేనని 1921లో ఒక సన్యాసి ప్రకటించుకున్నారు. 1905లో బీమా పరీక్ష చేసిన వైద్యుడు నమోదు చేసిన చీలమండ మచ్చ ఆయనను గుర్తించడానికి తోడ్పడింది. 1936లో వచ్చిన తీర్పును 1946లో ప్రివీ కౌన్సిల్ కూడా సమర్థించింది. కాగితంలో ఉన్నది నిజం గనుక అది అక్కరకు వచ్చింది. అబద్ధమైతే?

1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ దీనికి సమాధానం. 2015 సవరణ ప్రకారం, మూడేళ్లు నిండిన జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించరాదు. అయితే జారీ, రిస్కు ప్రారంభం, పునరుద్ధరణ, రైడర్ చేర్పులలో చివరి తేదీ నుంచే ఈ లెక్క మొదలవుతుంది. ప్రీమియం కట్టక ఆగిన పాలసీని పునరుద్ధరిస్తే గడువు మళ్లీ మొదటికి వస్తుందన్న సంగతి చాలామంది గమనించరు.

మూడేళ్లలోపు కీలక విషయం దాచినట్లు తేలితే పరిహారం నిరాకరించవచ్చు. అందులో మోసపు ఉద్దేశం లేకపోతే, కట్టిన ప్రీమియాన్ని 90 రోజుల్లో తిరిగి చెల్లించాలి. మోసానికి ఈ వెసులుబాటు వర్తించదు. పాలసీదారు జీవించి లేకపోతే, మోసం జరగలేదని నిరూపించే భారం లబ్ధిదారులదే. భర్త ఏ జబ్బు దాచారో ఎరుగని భార్య ఆ జవాబు చెప్పాలి! ఈ సెక్షన్‌లో అతి కఠినమైన భాగం ఇదే. వయసు తప్పుగా రాసిన సందర్భం మాత్రం వేరు. రుజువును బట్టి పాలసీ షరతులను సరిచేస్తారు.

"ఏజెంటే నింపాడు" అన్న వాదన నిలవడం కష్టం. 2009లో ఒక వ్యక్తి, రెండు నెలల ముందే తీసుకున్న 11 లక్షల పాలసీని చెప్పకుండా మరో కంపెనీలో 10 లక్షల పాలసీ తీసుకున్నారు. కొన్ని నెలలకే మరణించారు. పాత చట్టం వర్తించిన ఈ కేసులో, సంతకం చేసినవారు బాధ్యత తప్పించుకోలేరంటూ 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కంపెనీ నిర్ణయాన్ని సమర్థించింది.

ఆరోగ్య బీమాలో ఈ గడువు 60 నెలలు. నిరూపితమైన మోసానికి అక్కడ మినహాయింపు లేదు. మోసపూరితంగా సొమ్ము రాబడితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

పాలసీ పత్రంతోపాటు దరఖాస్తు నకలు కూడా ఇంటికి వస్తుంది. అందులోని జవాబులు సరిచూసుకుని, నచ్చకపోతే పాలసీని వెనక్కి ఇవ్వడానికి 30 రోజుల వ్యవధి ఉంది.