కారు చేసుడు కష్టం కాదు, రోడ్డెక్కిచ్చుడే కష్టం

సూపర్‌కారు అనంగనే మనకు కోట్ల రూపాయలు, సినిమా హీరోలు యాదికొస్తరు. ఫోన్ల వీడియో చూసి లైకు కొట్టి పక్కకు జరుపుతం. కానీ గసొంటి కారును తక్కువ ఖర్చుతోని సొంతంగ బిగించుకునేటోళ్లు దునియాల చానమంది ఉన్నరు. దాన్నే కిట్ కారు అంటరు. కంపెనోళ్లు ఫ్రేము, బాడీ, బ్రాకెట్లు పంపుతరు. ఇంజను, గేర్‌బాక్సు, స్టీరింగు ఒక పాత కారుల నుంచి తీసి మనమే బిగించుకోవాలె.

ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు. 1957ల బ్రిటన్‌ల కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న కారు తెచ్చిండు. తయారైన కారు కొంటే అక్కడ కొనుగోలు పన్ను పడేది. విడి భాగాలు కొంటే పడకపోయేది. గందుకే దాన్ని కిట్ లెక్క అమ్మిండు. మామూలు జీతగాడు గూడ స్పోర్ట్స్ కారు నడిపిండు. ఒక్క చట్టం సందు ఇస్తే ఎంత పని అయితదో చూడుండ్రి.

ఇగ సూపర్‌కారు సంగతి. అమెరికాల మసాచుసెట్స్ రాష్ట్రంల ఫ్యాక్టరీ ఫైవ్ అనే కిట్ కంపెనీ ఉన్నది. వాళ్లు 818 అనే కారు చేసిండ్రు. ఆ పేరు ఏందో కాదు, వాళ్లు పెట్టుకున్న బరువు లక్ష్యం: 818 కిలోలు. 2002 నుంచి 2007 దాక వచ్చిన పాత సుబారు ఇంప్రెజాను విప్పి, దాని సామానంత ఇండ్ల వాడుకోవాలె. కిట్ ధర 9,990 డాలర్లు పెట్టిండ్రు. పాత కారు ఖర్చు వేరే.

ఇండ్ల కిటుకు ఏంది? ఆ సుబారుల డబ్ల్యూఆర్‌ఎక్స్ రకం 2002 మోడల్ 227 హార్స్‌పవర్ ఇస్తది, బరువు దాదాపు 1400 కిలోలు. అంటే టన్నుకు 162 హార్స్‌పవర్. గదే ఇంజను 818 కిలోల బండిల పెడితే టన్నుకు 277. ఇంజనుకు ఒక్క రూపాయి పెట్టలే, బరువు తగ్గిచ్చిండ్రు, గంతే. ముందటున్న ఇంజను, గేర్‌బాక్సును సీట్ల వెనుకకు జరిపిండ్రు. బరువు నడిమికి వచ్చింది, మలుపుల కాడ బండి మాట వింటది.

ప్రోటోటైప్ అంటే ఒక్క బండి కాదు

మన పోరగాళ్లు చానమంది ఒక బండి చేసి రీలు పెడుతరు. అది మెచ్చుకోవాల్సిందే. కానీ కిట్ కారుకు ప్రోటోటైప్ అంటే వేరే. ఇంకో ఊర్ల ఎవలో తెల్వని మనిషి పానాలు పట్టుకొని అసొంటిదే రెండోది చేయగలగాలె. అందుకే అసలు ఖర్చు కారు మీద కాదు, మూడింటి మీద పడుతది. ఒకటి, పైపులన్నీ ప్రతిసారి ఒక్క తీరుగ కూసునేటట్టు పట్టే జిగ్గు. రెండు, ఫైబర్ బాడీ తీసే అచ్చు. మూడు, ఏ బోల్టు ఎక్కడ, ఎంత బిగువు అని చెప్పే పుస్తకం. జిగ్గు, అచ్చు మొదటిసారి పిరం. ఎన్ని బండ్లు తీస్తే అంత అగ్గువ.

ఫ్రేమును పరీక్షించుడు గూడ పెద్ద లెక్క కాదు. వెనుక దిక్కు గట్టిగ బిగించి, ముందట అడ్డంగ పొడుగు రాడు పెట్టి, ఒక కొసకు తెలిసిన బరువు ఏలాడదీసి, ఎంత మెలి తిరిగిందో కొలవాలె. మెలి ఎక్కువ తిరిగితే సస్పెన్షన్ ఎంత మంచిదైనా దండగే.

మన కాడ తలుపు ఏది?

మహారాష్ట్రల సాంగ్లీ జిల్లాల ఒక కమ్మరాయన తుక్కు సామానుతోని చిన్న జీపు చేసిండు. 2021ల ఆ వీడియో దేశమంత తిరిగింది. ఆనంద్ మహీంద్రా మెచ్చుకున్నడు. మెచ్చుకుంటనే, ఇది రూల్స్‌కు సరిపోదు, ఇయ్యాల కాకపోతే రేపు అధికారులు ఆపుతరు అని, దానికి బదులు కొత్త బొలెరో ఇస్తనన్నడు, ఇచ్చిండు. అందరం చప్పట్లు కొట్టినం. నాకైతే ఒక్కటే అనిపిచ్చింది: ఆయనకు బండి దొరికింది, ఆయన పనికి మాత్రం నంబర్ ప్లేటు దొరకలే.

మన 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలల్ల 126వ రూలు ప్రకారం, బండి తయారుచేసేటోళ్లు ప్రోటోటైప్‌ను పుణె ఏఆర్‌ఏఐ అసొంటి సంస్థలకు పరీక్షకు ఇయ్యాలె. వేల బండ్లు అమ్మే కంపెనీకి అది ఖర్చే కాదు. ఒక్క బండి చేసుకునేటోనికి అది గోడ. పాత కారునే మార్చుకుందామంటే 52వ సెక్షన్ అడ్డమొస్తది. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగ మార్చొద్దని 2019ల సుప్రీంకోర్టు గూడ గట్టిగ చెప్పింది.

రూల్స్ తీసెయ్యుమని నేను అంటలేను. రిజిస్ట్రేషన్ లేని బండికి ఇన్సూరెన్స్ ఉండదు. అది ఎవలనన్న గుద్దితే రెండు ఇండ్లు ఆగమైతయి. నేను అడిగేది పరీక్ష ఎత్తేయమని కాదు, మాకు గూడ పరీక్ష పెట్టుమని. బ్రిటన్‌ల సొంతంగ చేసుకున్న ఒక్క బండిని గూడ సర్కారు కేంద్రంల పరీక్షిస్తరు. బ్రేకులు, లైట్లు, సీటు బెల్టు, పొగ, ఆఖరికి గుచ్చుకునే అంచులు గూడ చూస్తరు. పాసైతేనే రోడ్డు.

మన చట్టానికి గూడ కిట్ అనే మాట కొత్త కాదు. గ్యాస్ కిట్‌కు దారి ఇచ్చింది: కిట్‌కు అనుమతి, బిగిచ్చేటోనికి అనుమతి, ఆర్సీల నమోదు. గదే పద్ధతి కిట్ కారుకు ఎందుకు రావొద్దు? పీథంపూర్‌ల జరిగే బాజా పోటీలకు ఇంజనీరింగ్ పిల్లలు సొంత ఫ్రేము వెల్డింగ్ చేసుకొని పోతనే ఉన్నరు. ఆ బండి మాత్రం ట్రాకు దాటి రాదు.

తమ్ముళ్లూ, మీ ఐటీఐల, పాలిటెక్నిక్‌ల ఈ ముచ్చట లేవట్టుండ్రి. మీ ఎమ్మెల్యేను, ఎంపీని అడుగుండ్రి: ఒక్క బండికి ఒక్క పరీక్ష, భరించే ఫీజు. చేతుల పని మన దగ్గర ఉన్నది. దానికి నంబర్ ప్లేటు కావాలె.