సంసారం గుట్టు, రోగం రట్టు

క్రితం నెల ఒక శుక్రవారం సాల్మియాలో మిత్రుల ఇంట భోజనాలకు కలుసుకున్నాము. పప్పుచారు వడ్డించే వేళకు మాటలు ఊరి సంగతుల మీదికి మళ్ళాయి. ఒక మిత్రుడు తన ఊళ్ళో జరిగిన కేసు చెప్పాడు. భార్యను హింసించినందుకు క్రింది కోర్టులో శిక్ష పడిన మనిషి అప్పీల్లో నిర్దోషిగా బయటికి వచ్చాడట. "ఏముంది, డబ్బు పనిచేసి వుంటుంది" అన్నారొకరు. "మన కోర్టులు ఇంతేనండీ" అన్నారు ఇంకొకరు. మేము ఊరుకోలేక, "డబ్బే కానక్కరలేదు, మావంటి డాక్టరు వ్రాసిన ఒక్క ముక్క కూడా ఆ పని చేయగలదు" అన్నాము. అదేమిటో పత్రికకు వ్రాసి ఇవ్వమని సంపాదకులు అక్కడే పట్టుబట్టారు. ఆ మాట చెల్లించుకోవడానికే ఈ నాలుగు పేజీలు.

ముందుగా అప్పీలు అంటే ఏమిటో చెప్పుకోవాలి. కేసును మళ్ళీ మొదటినుంచి నడపడమని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. మన దేశంలో మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్సు కోర్టుకు, సెషన్సు కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు అప్పీలు పోతుంది. అక్కడ సాధారణంగా సాక్షులు మళ్ళీ బోనెక్కరు. క్రింది కోర్టులో ఆమె ఎలా చెప్పింది, ఎక్కడ గొంతు పూడుకుపోయింది, ఇవేవీ పై జడ్జీగారికి కనబడవు. కనబడేది కాగితం. ఆ కాగితం రెండు రకాలుగా అర్థమయ్యే పక్షంలో, ముద్దాయికి అనుకూలమైన అర్థమే తీసుకోవాలన్నది న్యాయసూత్రం. అది మంచి సూత్రమే. నిరపరాధి జైలుకు పోకూడదు గదా. అయితే దానివల్ల కాగితం వ్రాసినవాడి బాధ్యత ఎంత పెరిగిందో చూడండి.

భార్యను క్రూరంగా హింసించడం నేరమని మన శిక్షాస్మృతిలో 498-ఎ అనే సెక్షను చేరింది 1983లో. మూడేళ్ళ దాకా జైలు, జరిమానా దానికి శిక్ష. వరకట్న మరణానికి 304-బి సెక్షను 1986లో వచ్చింది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది గనుక, అవే నేరాలు ఇప్పుడు 85, 80 సెక్షన్ల క్రింద వున్నాయి. నంబర్లు మారాయి గాని, సాక్ష్యం తెచ్చుకోవడంలో వున్న కష్టం మారలేదు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షి ఎవరు? చాలా కేసుల్లో ఆమె ఒంటిమీది గాయాలు, వాటిని గురించి డాక్టరు వ్రాసిన వ్రాత, అంతే. ఆమె చనిపోతే మిగిలేది మరణ వాంగ్మూలం.

ఆ మరణ వాంగ్మూలం గురించే ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక క్రిమినల్ అప్పీలును మా వృత్తిలో వున్నవాళ్ళు మరచిపోకూడదు. ఒంటికి నిప్పంటుకుని ఆసుపత్రిలో చేరిన ఒక స్త్రీ చనిపోయేముందు ఏం జరిగిందో చెప్పింది. మేజిస్ట్రేటుగారు వచ్చి ఆమెను కొన్ని ప్రశ్నలు వేసి, జవాబులు సరిగా ఇస్తున్నదని తృప్తిపడి వాంగ్మూలం వ్రాసుకున్నారు. ప్రక్కనే వున్న డాక్టరు, వాంగ్మూలం తీసుకుంటుండగా రోగి స్పృహలో వున్నదని ధ్రువీకరించి సంతకం చేశారు. శిక్ష పడినవారు సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకున్నారు. 1999 సెప్టెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాంగ్మూలాన్ని నమ్మలేమన్నది. దానిలో వేరే లోపాలు కూడా వున్నాయన్నది నిజమే. కాని ముఖ్యమైన కారణం ఇది: స్పృహలో వుండటం ఒకటి, చెప్పేదేమిటో తెలిసి చెప్పగల స్థిమితమైన మనస్సుతో వుండటం మరొకటి. డాక్టరు మొదటిదే వ్రాశారు, రెండవది వ్రాయలేదు. ముద్దాయిలు బయటికి వచ్చారు.

వైద్యం తెలిసినవాళ్ళుగా ఆ తేడా అసలు లేదని మేము అనలేము. ఒళ్ళంతా కాలిన మనిషి కొన్ని గంటలపాటు స్పష్టంగా మాట్లాడటం మేము కళ్ళారా చూశాము. చర్మం లోతుగా కాలినచోట నరాల కొసలు కూడా కాలిపోతాయి గనుక బాధ తక్కువగా తెలుస్తుంది. "నాకేం ఫరవాలేదు గదా డాక్టరుగారూ, పిల్లవాడికి పాలెవరు పడతారు?" అని అడిగినవాళ్ళున్నారు. అదే మనిషి సాయంత్రానికి షాకులోకి పోవచ్చు. పొగ పీల్చినందువల్ల, నొప్పికి ఇచ్చిన మందువల్ల కళ్ళు తెరిచి వుండి కూడా పొంతన లేకుండా మాట్లాడవచ్చు. కాబట్టి తేడా వుంది. అయితే అది పరీక్షించి వ్రాయడానికి డాక్టరుకు ఒక నిమిషం, ఒక పంక్తి చాలు. ఆ పంక్తి లేకపోయింది.

ఈ తీర్పుకూ అదే సంవత్సరం గుజరాతు కేసులో వచ్చిన మరొక తీర్పుకూ పొత్తు కుదరలేదు. చివరికి మహారాష్ట్ర నుంచి వచ్చిన లక్ష్మణ్ కేసులో ప్రశ్న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు పోయింది. జస్టిస్ జి.బి. పట్నాయక్ తదితరులు 2002 ఆగస్టు 27న తీర్పు చెబుతూ, ఆంధ్ర కేసులో చెప్పిన సూత్రం సరికాదన్నారు. డాక్టరు సర్టిఫికెట్ అనేది జాగ్రత్త కోసం పెట్టుకున్న నియమమే గాని, అది లేనంత మాత్రాన వాంగ్మూలం చెల్లకుండా పోదు. వ్రాసుకున్న మేజిస్ట్రేటు ఆమె మనస్సు స్థిమితంగా వున్నదని తృప్తిపడి, ఆ సంగతి నమ్మదగినట్లు చెప్పగలిగితే చాలునన్నారు. ఇప్పటికీ అదే చట్టం. డాక్టర్లకు ఇది ఊరట కలిగించే తీర్పు అని కొందరు మిత్రులన్నారు. మాకు మాత్రం ఊరట కలగలేదు. ఎందుకో చెబుతాము.

మేము ఎం.బి.బి.యస్. ముగించి, మొదటి ఉద్యోగంలో చేరిన కొత్త. రాత్రి డ్యూటీ. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయిని భర్త, అత్తగారు వెంటబెట్టుకుని వచ్చారు. ఎడమ ముంజేతి ఎముక విరిగింది. ఏమైందమ్మా అంటే ఆమె పెదవి విప్పకముందే భర్త, "బాత్రూంలో జారిపడిందండీ" అన్నాడు. మేము అదే వ్రాశాము. జారిపడినవాళ్ళకు అరచేతులు, మోకాళ్ళు, మోచేతులు, గడ్డం దెబ్బతింటాయి. ఈమెకు అవేవీ లేవు. దెబ్బ కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెడితే ఎక్కడ తగులుతుందో అక్కడ, ముంజేతి వెలుపలివైపున తగిలింది. భుజం లోపలివైపున నాలుగు వేళ్ళ గుర్తుల్లా కమిలి వుంది. అవన్నీ మేము చూశాము. బయట ఇంకా పదిమంది రోగులున్నారు. భర్తను అయిదు నిమిషాలు బయట కూర్చోమని చెప్పడానికి నోరు రాలేదు. చేతికి కట్టు కట్టి, చీటీ మీద సంతకం పెట్టి పంపించాము.

కొంతకాలానికి ఆమె పుట్టింటివారి అండతో కేసు పెట్టింది. మాకు సమను వచ్చింది. బోనులో నిలబడితే ముద్దాయి తరఫు వకీలు చాలా మర్యాదగా, "డాక్టరుగారూ, ఈ దస్తూరి తమదేనా? జారిపడినట్లు చెప్పారని తమరే వ్రాశారు గదా?" అన్నాడు. అవునన్నాము. ఎవరు చెప్పారో వ్రాయలేదు గదా అంటే, లేదన్నాము. భుజం మీది కమిలిన గుర్తుల సంగతి నోటితో చెప్పబోతే, కాగితంలో లేనిది ఇప్పుడెలా వచ్చిందన్నాడు. క్రింది కోర్టు ఆమె మాట నమ్మి శిక్ష వేసింది. సెషన్సు కోర్టులో అప్పీలు నెగ్గింది. ఆ తీర్పు నకలు మాకు ఒక వకీలు మిత్రుడు చూపించాడు. అందులో మా పంక్తి వుంది. జడ్జీగారిని తప్పు పట్టలేము. ఆయన ముందున్న కాగితం మేము వ్రాసిందే.

ఇక మన సంగతికి వద్దాం. ఇది ఊళ్ళో సంగతి, కువైటులో చదువుకున్న కుటుంబాలకు దీనితో పనేమిటి అనవచ్చు. ఇక్కడి ఇల్లాలి చేతికీ ఎముకలు అవే. పైపెచ్చు 22వ నంబరు ఇకామా మీద వచ్చిన ఇల్లాలి బస భర్త బస మీద ఆధారపడి వుంటుంది. ఆయన మీద కేసు పెడితే ఆయన ఉద్యోగం ఏమవుతుంది, శిక్ష పడిన విదేశీయుడిని దేశం నుంచి పంపివేస్తారేమో, పిల్లల చదువు మధ్యలో ఆగుతుందేమో, ఈ లెక్కలన్నీ ఆమె దెబ్బ తగిలిన రాత్రే వేసుకుంటుంది. పుట్టిల్లు సముద్రం అవతల. ప్రక్క ఫ్లాటులోని మనమేమో "సర్దుకుపోవాలమ్మా, సంసారం గుట్టు" అంటాము.

అయినా దారి లేకపోలేదు. కువైటులో కుటుంబహింస నుంచి రక్షణ కోసం 2020లో 16వ నంబరు చట్టం వచ్చింది. ఆశ్రయగృహాలు, రక్షణ ఉత్తర్వులు, ఈ పనులు చూడటానికి జాతీయ సంఘం, ఇవి ఆ చట్టంలో వున్నాయి. ప్రాణాపాయం అనిపిస్తే 112కు ఫోను చేయవచ్చు. ఇక్కడ కూడా క్రింది కోర్టు, అప్పీలు కోర్టు, ఆపైన కసేషన్ కోర్టు అని మూడు మెట్లున్నాయి. ఆమె చెప్పేది తెలుగులో, ఆసుపత్రిలో వ్రాసేది ఇంగ్లీషులో, మఖ్ఫర్‌లోనూ కోర్టులోనూ నడిచేది అరబ్బీలో. మూడు భాషలు దాటేసరికి మొదటి కాగితంలో లేని మాట చివరి కాగితంలో ఎలా వుంటుంది?

ఇక్కడ జరిగినదానికి ఇండియాలో కేసు నడుస్తుందా అని అడిగేవారున్నారు. బోట్స్వానాలో జరిగిన హింస మీద ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన కేసులో జస్టిస్ అల్తమాస్ కబీర్ ధర్మాసనం 2011లో తీర్పు చెప్పింది. విదేశంలో జరిగిన నేరానికి కేసు నమోదు కావచ్చును గాని, విచారణ సాగాలంటే కేంద్రప్రభుత్వం అనుమతి కావాలి. మన దేశంలో జరిగిన కట్నం నేరానికి మాత్రం ఆ అనుమతి అక్కరలేదు. అత్తింటి నుంచి వెళ్ళగొట్టబడిన భార్య తాను తలదాచుకున్న ఊళ్ళోనే 498-ఎ కేసు పెట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2019లో మరొక తీర్పు ఇచ్చింది. అయితే ఇండియాలో పెట్టినా సరే, కువైటులో తగిలిన దెబ్బకు కాగితం కువైటు నుంచే రావాలి.

అబద్ధపు కేసుల మాటేమిటని మా మిత్రులొకరు ఆ శుక్రవారమే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 498-ఎ పేరు చెప్పి ఆలోచన లేకుండా అరెస్టులు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టే కట్టడి చేసింది. మేము చెప్పేదీ అదే. గాయం ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎక్కడ, ఏ వేళకు చూశాము, ఎవరేం చెప్పారు, ఇవన్నీ సక్రమంగా వ్రాసిన కాగితం నిరపరాధిని కూడా కాపాడుతుంది. అరకొర కాగితం వల్ల ఇద్దరిలో ఎవరికి అన్యాయం జరుగుతుందో ముందుగా చెప్పలేము.

కనుక మన సభ్యులలోని డాక్టర్లకు, నర్సు సోదరీమణులకు ఒక మనవి. ఆమెను ఒంటరిగా అడగండి. వెంట వచ్చినవారు చెప్పింది వారి పేర, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే వ్రాయండి. పాత గాయాలు, కొత్త గాయాలు విడివిడిగా వ్రాయండి. కమిలిన రంగును బట్టి ఇన్ని రోజులని ఖచ్చితంగా చెప్పబోకండి. అది శాస్త్రం కాదు, అప్పీల్లో నిలవదు. తక్కిన సభ్యులకు మనవి ఇంకా చిన్నది. ప్రక్కింటి అమ్మాయి కమిలిన కంటితో తలుపు తడితే, ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. సర్దుబాటు మాటలు తరువాత. ఆమెకు భాష రాకపోతే మీరు ప్రక్కన నిలబడి, ఆమె చెప్పింది చెప్పినట్లు చెప్పండి. కాగితం నకలు ఆమె దగ్గర, పాస్‌పోర్టు నకలుతో పాటు, వుండేటట్లు చూడండి.

సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు మన పెద్దలు. రోగం దాచుకుంటే ప్రాణం మీదికి వస్తుందని వారికి తెలుసు. ఆ రోగం సంసారంలోనే పుట్టినప్పుడు ఏ సగం పాటించాలో వైద్యులుగా మాకు సందేహం లేదు. మేము ఒకసారి రెండో సగం మరిచాము. ఆ పంక్తి కింద మా సంతకం ఇప్పటికీ వుంది. ఈ విషయంలో భిన్నాభిప్రాయం వున్నవారు సంపాదకులకు వ్రాయగోరుతాము. వచ్చే సంచికలో మా చేతనైనంత జవాబు చెప్పుకుంటాము.